చదువు, ఉద్యోగం, సొంత జీవితం: ఆగినచోటు నుంచి మళ్లీ సాగే దారి

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాస పాఠం)

చదువు, ఉద్యోగం, సొంత జీవితం మూడూ మనిషిని ఒకే వయసులో అడుగుతాయి. పద్దెనిమిదికీ నలభైకీ మధ్యనే డిగ్రీ చేతికి రావాలి, పోటీ పరీక్ష నెగ్గాలి, ఉద్యోగంలో కుదురుకోవాలి. పెళ్లి, పిల్లలు, తల్లిదండ్రుల అనారోగ్యం, ఇంటి అప్పు వాయిదాలు కూడా ఆ కాలంలోకే వచ్చి పడతాయి. జీతంతోనూ సర్టిఫికెట్‌తోనూ పనిలేని కోరికలు, అంటే వీణ నేర్చుకోవడం, కథ రాయడం, ఊళ్లో గ్రంథాలయం నిలబెట్టడం వంటివి, ఈ తోపులాటలో అన్నిటికన్నా వెనకబడతాయి. అన్నిటినీ ఏకకాలంలో నూటికి నూరుపాళ్లు నెరవేర్చుకున్నవారు చాలా అరుదు. ఎక్కువమంది జీవితాల్లో ఒకటి ముందుకు వచ్చినప్పుడు మరొకటి ఆగుతుంది. అలా ఆగినది మళ్లీ మొదలవుతుందా, అక్కడితో ముగిసిపోతుందా అన్నదే ఈ విషయంలో అసలు ప్రశ్న.

దీనిమీద వచ్చే పుస్తకాలూ ప్రసంగాలూ ఎక్కువగా రోజును పంచుకోవడం గురించే చెబుతాయి: తెల్లవారుజామున లేవాలి, ఫోన్ పక్కన పెట్టాలి, పనులకు వరుస వేసుకోవాలి. ఇవి పనికిరాని మాటలేమీ కావు. అయితే పంచుకోవాలంటే ముందు చేతిలో గంటలు మిగలాలి. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ సంఖ్యలు 299, 97. అయిదేళ్లలో ఇద్దరి పనీ కొద్దిగా తగ్గింది కానీ మధ్యనున్న తేడా 202 నిమిషాల నుంచి 201కి మాత్రమే దిగింది. పైగా ఇది ఇంటిపని చేసేవారి సగటు. 2019లో స్త్రీలలో 81.2 శాతం ఆ పని చేస్తుంటే, పురుషుల్లో చేసినవారే 26.1 శాతం. ఈ మూడు గంటల ఇరవై నిమిషాల తేడా దగ్గర ఏ దినచర్య సూత్రమూ నిలవదు.

తెలుగు కుటుంబాల్లో ఈ చిక్కుకు పాత పరిష్కారం ఒకటుంది: అన్నీ వరుసగా జరగాలి. ముందు చదువు, తరవాత ఉద్యోగం, సెటిలయ్యాక పెళ్లి, ఆ తరవాతే మిగతా సరదాలు. పదో తరగతి అవగానే ఇంటర్, రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారి నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, ప్రవేశ పరీక్ష, ఇంజనీరింగ్, క్యాంపస్ ఉద్యోగం. ఎక్కడా తడబడనివారికి ఈ వరుస బాగానే పనిచేస్తుంది. తండ్రి చనిపోయి పదిహేడేళ్లకే పనిలో చేరిన కుర్రవాడికి, ఇంటర్ మధ్యలో పెళ్లి చేసేసిన అమ్మాయికి, ఒక ఏడాది జబ్బుపడిన విద్యార్థికి ఇందులో తిరిగి ఎక్కే మెట్టు కనిపించదు. రెండేళ్లు ఆగిన విద్యార్థి మళ్లీ కాలేజీలో చేరబోతే గ్యాప్ సర్టిఫికెట్ తెమ్మంటారు. నోటరీ దగ్గరకు వెళ్లి, ఆ రెండేళ్లూ ఎక్కడా చదవలేదని అఫిడవిట్ రాయించుకు రావాలి. ఉద్యోగ ఇంటర్వ్యూలోనూ మొదటి అనుమానం ఆ ఖాళీ ఏళ్ల మీదే. సివిల్ సర్వీసెస్ పరీక్షకు జనరల్ అభ్యర్థికి గరిష్ఠ వయసు 32, ప్రయత్నాలు ఆరు. ఇటువంటి హద్దులకు పరిపాలనాపరమైన కారణాలు ఉండవచ్చు. కానీ వాటన్నిటి వెనకా ఉన్న ఊహ ఒకటే: మంచి విద్యార్థి ఎప్పుడూ ఆగడు. ఆ ఊహ తప్పు. అది తప్పని తన జీవితంతో చూపించి, ఆగినవారికోసం తరవాత దారులు వేసిన వ్యక్తి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. యుక్తవయసు వచ్చాక ఆ కాపురానికి వెళ్లనని ఆమె తేల్చి చెప్పారు, పుట్టింటివారు ఆమె మాటకే నిలబడ్డారు. పన్నెండేళ్ల వయసులో, ఇంగ్లీషు మాధ్యమం వద్దంటూ బడి వదిలేశారు. అక్కడితో ఆమె బడి చదువు ఆగింది. అయితే నేర్చుకోవడం ఆగలేదు. హిందీ నేర్చుకుని, తోటి ఆడపిల్లలకు నేర్పే పాఠశాల తనే నడిపారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభ సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శనలో వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే లోపలికి పోనివ్వని సంగతి తెలుగు పాఠకులకు తెలిసిందే. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. 1930 నుంచి 1933 లోపు మూడుసార్లు జైలుకు వెళ్లారు.

జైలే ఆమెను చదువు వైపు తిప్పింది. వేలూరు, మదురై జైళ్లలో శిక్ష అనుభవిస్తున్న సాధారణ ఖైదీ స్త్రీలతో ఆమె కలిసి మెలిగారు. తమమీద ఉన్న కేసేమిటో, చట్టం ఏం చెబుతుందో తెలియకుండా శిక్షలు పడినవారిని చూశారు. లా చదివి ఇటువంటివారికి అండగా ఉండాలన్న నిశ్చయం అక్కడ కలిగింది. కానీ లా కాలేజీకీ ఆమెకూ మధ్య ఒక మెట్రిక్, ఒక ఇంటర్, ఒక డిగ్రీ ఉన్నాయి. ఇరవై నాలుగేళ్లు దాటాక, స్వాతంత్ర్యోద్యమంలో పేరుపొందిన నాయకురాలు అయ్యాక, ఆమె బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కూర్చున్నారు. తరవాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతి శాస్త్రం చదివారు. మద్రాసులో లా పట్టా 1942లో చేతికి వచ్చేసరికి ముప్పై మూడేళ్లు. తనకన్నా పదేళ్లు చిన్నవారి మధ్య బెంచీ మీద కూర్చోవడానికి ఆమె సంకోచపడలేదు. అప్పటి పెద్దమనుషుల్లో చాలామందికి అది వింతగా తోచి ఉంటుంది.

ఈ క్రమాన్ని జాగ్రత్తగా చూస్తే, ఆమె జీవితంలో ఏ దశలోనూ అన్నీ సమానంగా సాగలేదు. ఉద్యమంలో ఉన్నప్పుడు చదువు లేదు. చదువుకునేటప్పుడు ప్రత్యక్ష రాజకీయాలను పక్కన పెట్టారు. సొంత జీవితం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది: 1953లో, నలభై మూడేళ్ల వయసులో, అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు. లా పట్టాకూ పెళ్లికీ మధ్యలో రాజ్యాంగ సభ సభ్యత్వం, ఆ సభ అధ్యక్ష ఫలకంలో చోటు, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు, ప్రణాళికా సంఘం సభ్యత్వం ఉన్నాయి. ఒక్కొక్క దశలో ఒకటి ముందు నడిచింది, మిగతావి వెనక వేచి ఉన్నాయి. వేచి ఉన్నదాన్ని ఆమె మరిచిపోలేదు. సమతూకం అనేది ఆమె విషయంలో ఆయుష్షు మొత్తం మీద కుదిరింది, ఏ ఒక్క రోజులోనూ కాదు.

ఇదంతా అసాధారణ వ్యక్తి పట్టుదల అని పక్కన పెట్టేయవచ్చు. దుర్గాబాయి మాత్రం అలా అనుకోలేదు. తనకు సాధ్యమైనది మిగతావారికి సాధ్యం కావాలంటే పట్టుదల ఒక్కటే చాలదనీ, దానికి తగిన ఏర్పాటు కావాలనీ ఆమెకు తెలుసు. మద్రాసులో 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభ తొలి పనుల్లో ఒకటి, తెలుగు ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం. తాను దాటిన గడపనే ఇతరుల చేత దాటించడం అది. బడికి పోవలసిన వయసు గడిచిపోయినవారికి మామూలు హైస్కూలు తలుపులు మూసి ఉండేవి. బయటి అభ్యర్థిగా పరీక్ష రాయడానికి వీలిచ్చిన బెనారస్ మెట్రిక్ ఆ రోజుల్లో ఎందరికో దారి చూపింది.

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దుర్గాబాయి దాని మొదటి అధ్యక్షురాలు. పంచవర్ష ప్రణాళికలకు ఊరూరా గ్రామసేవికలు, బాలసేవికలు, టీచర్లు, నర్సులు, మంత్రసానులు కావలసి వచ్చారు. చదువుకున్న పట్నం ఆడపిల్లలు మారుమూల పల్లెకు వెళ్లి ఉండటం కష్టం. పల్లెల్లోనే వితంతువులు, భర్త వదిలేసినవారు, పేద ఇల్లాళ్లు ఎందరో ఉన్నారు. వారికి పని కావాలి, చేయగల సత్తా ఉంది, కానీ ఆ శిక్షణలో చేరడానికి అడిగే ఎనిమిదో తరగతి, మెట్రిక్ లేవు. ఒకవైపు మనుషులు లేని ఉద్యోగాలు, మరోవైపు ఉద్యోగాలు లేని మనుషులు. మధ్యన ఉన్నది కొన్నేళ్ల బడి చదువు.

దానికి జవాబుగా 1958లో మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. కొద్దో గొప్పో చదివి మానేసిన స్త్రీలను చేర్చుకుని, ఏళ్ల తరబడి సాగే బడి చదువును రెండేళ్లలో చెప్పి, పరీక్షకు కూర్చోబెట్టడం దాని పద్ధతి. కోర్సులను నడిపింది స్వచ్ఛంద సంస్థలు, ఖర్చుకు గ్రాంటు ఇచ్చింది మండలి. ఈ పథకం వెనకున్న ఆలోచన ఇప్పటికీ పాతబడలేదు. పాతికేళ్ల స్త్రీ పదేళ్ల పిల్లలా నేర్చుకోదు. ఆమెకు లెక్కలు బజారులో వచ్చు, ఆరోగ్యశాస్త్రం పురుళ్లూ జబ్బులూ చూసి కొంత తెలుసు. అందుకే ఆమెకు అన్నేళ్ల బడి అక్కర్లేదు. కావలసిందల్లా పాఠ్యపుస్తకం భాష, రాయడం అలవాటు, పరీక్ష అంటే భయం పోవడం. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి కూడా దుర్గాబాయే అధ్యక్షత వహించారు.

ఈ కోర్సుల్లో చదివినవారి పేర్లు ఎక్కడా ప్రముఖంగా కనిపించవు. వారు ప్రాథమిక పాఠశాల టీచర్లయ్యారు, నర్సులయ్యారు, బాలవాడీలు నడిపారు. చదువు, ఉద్యోగం, సంసారం మధ్య సమన్వయం గురించి దేశంలో జరిగిన ప్రయత్నాల్లో దీనికి రావలసినంత పేరు రాలేదనే చెప్పాలి.

దుర్గాబాయికి సమకాలికురాలైన మరో తెలుగు స్త్రీ జీవితం ఇదే ప్రశ్నను వేరే కోణంలో చూపిస్తుంది. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టారు. భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు, ఎలక్ట్రికల్ విభాగంలో మొదటివారు. పదిహేనేళ్లకు పెళ్లయింది, పద్దెనిమిదేళ్లకు కూతురు పుట్టింది. పాపకు నాలుగు నెలల వయసులో భర్త చనిపోయారు. అప్పట్లో వితంతువుల పట్ల నడిచే ఆచారాల సంగతి చెప్పనక్కర్లేదు. లలిత తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. కూతురు మళ్లీ చదువుతానంటే ఆయన కాదనలేదు, కాలేజీని ఒప్పించారు. ఆ మగపిల్లల కాలేజీలో చేరి, 1943లో లలిత చదువు పూర్తి చేశారు.

ఆమె ఇంజనీరింగ్‌ను ఎంచుకున్న కారణం గమనించదగింది. డాక్టరయితే అర్ధరాత్రి పిలుపు వచ్చినప్పుడు పసిబిడ్డను వదిలి పోవలసి వస్తుందని ఆమె వైద్యాన్ని కాదన్నారని ఆమె కూతురు తరవాత చెప్పారు. వృత్తిని ఎంచుకునేటప్పుడు అది ఇచ్చే గౌరవాన్నీ ఆదాయాన్నీ మాత్రమే చూడక, దాని పనివేళలను కూడా చూశారన్నమాట. ఇప్పటికీ కెరీర్ కౌన్సెలింగులో ఈ మాట ఎవరూ పిల్లలకు చెప్పరు. ఏ కోర్సుకు ఎంత ప్యాకేజీ వస్తుందో చెబుతారు. ఏ ఉద్యోగంలో రాత్రి షిఫ్టులుంటాయో, ఎందులో బదిలీలు ఎక్కువో, ఎందులో మూడేళ్లు విరామం తీసుకున్నా తిరిగి చేరవచ్చో చెప్పరు. పదిహేడేళ్ల పిల్లలకు చెప్పవలసిన విషయాల్లో ఇది ముఖ్యమైనది.

లలిత హాస్టల్లో ఉండి చదువుకున్నంత కాలం పాపను బంధువులే చూసుకున్నారు. మొదటి ఉద్యోగం సిమ్లాలో. తరవాత కొన్నాళ్లు తండ్రి పరిశోధనల్లో పాలుపంచుకున్నారు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. కలకత్తాను ఎంచుకోవడానికి ఒక కారణం అక్కడ అన్నదమ్ముల కుటుంబం ఉండటమే. భాక్రానంగల్ ప్రాజెక్టుకు సంబంధించిన విద్యుత్ పనుల్లో ఆమె పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు హాజరయ్యారు. ఆమె ప్రతిభ నిస్సందేహం. దానితోపాటు తండ్రి అండ, బిడ్డను చూసిన బంధువుల ఇల్లు, దగ్గరలో తోబుట్టువులు కూడా ఉన్నారు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ప్రతిభ వంటింటి దాకానే వచ్చి ఆగేది. దుర్గాబాయి ఏర్పాటును వ్యవస్థ చేత చేయించాలని చూశారు, లలితకు ఆ ఏర్పాటు కుటుంబంలో దొరికింది. కుటుంబం ఇవ్వలేనివారికి వ్యవస్థ ఇవ్వాలి, ఎందుకంటే అందరికీ గిండీ ప్రొఫెసరు తండ్రిగా ఉండరు.

వ్యవస్థ ఇచ్చే ఇటువంటి ఏర్పాట్లు కొత్తవేమీ కావు. దుర్గాబాయి తరంలోనే దొడ్డిదారి అనిపించే కొన్ని మంచి దారులు ఉండేవి. ప్రైవేటుగా మెట్రిక్ కట్టడం ఒకటి. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు మరొకటి: ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అంటూ మెట్టుమెట్టుగా సాగే ఆ పరీక్షలను కోస్తా, రాయలసీమ పట్టణాల్లో ఎందరో గృహిణులు మధ్యాహ్నం వంట అయ్యాక చదివి రాశారు. ఆ సర్టిఫికెట్లతో కొందరు హిందీ పండితులుగా బడుల్లో చేరారు. తెలుగులో విద్వాన్, భాషాప్రవీణ కూడా అటువంటివే. వాటిలో వయసు అడ్డు కాలేదు. ఒక మెట్టు ఎక్కి నాలుగేళ్లు ఆగినా ఎక్కిన మెట్టు పోలేదు. ఇప్పుడు కొత్తగా చెబుతున్న క్రెడిట్ల విధానపు సారం అప్పట్లోనే వాటిలో ఉంది.

ఈ వరుసలో తెలుగువారు దేశానికి ఇచ్చిన పెద్ద సంస్థ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. భారతదేశంలో ఈ తరహా విశ్వవిద్యాలయాల్లో ఇదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. మొదటి ఉపకులపతి ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు దానికీ ఆయనే తొలి ఉపకులపతి. ఇంటర్ పాసుకాని వారు కూడా, అసలు బడి ముఖమే చూడనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు ఆ విశ్వవిద్యాలయం కల్పించింది. ప్రభుత్వ కాలేజీల్లోనే అధ్యయన కేంద్రాలు పెట్టి, సెలవు రోజుల్లో తరగతులు జరిపింది. బస్సు కండక్టర్లు, పోలీసు కానిస్టేబుళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, దుకాణాల్లో పనిచేసేవారు ఆ ఆదివారం తరగతుల్లో పక్కపక్కన కూర్చున్నారు. దాని తెలుగు పాఠ్యపుస్తకాలు తెలుగు అకాడమీ పుస్తకాలతో పాటు గ్రూప్స్ అభ్యర్థులకు ప్రామాణికమయ్యాయి. దూరవిద్య కోసం రాసిన పుస్తకాన్ని రెగ్యులర్ విద్యార్థులు వెతికి కొనుక్కోవడం ఆ రచయితలకు దక్కిన గౌరవం. చదివేవాడి పక్కన మాస్టారు ఉండరని తెలిసి రాసినందువల్లే వాటిలో ఆ స్పష్టత వచ్చింది.

బడి స్థాయిలో ఇదే పని సార్వత్రిక పాఠశాలలు చేస్తున్నాయి. జాతీయ సార్వత్రిక పాఠశాలలో ఒకసారి పేరు నమోదైతే అయిదేళ్లు చెల్లుతుంది. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, మిగిలినవి వీలును బట్టి రాసుకోవచ్చు. పదో తరగతి తప్పి పనిలోకి పోయినవారికి ఇంతకన్నా ఊరట లేదు.

ఇటీవలి నిబంధనల్లో కొన్ని ఈ దిశలోనే ఉన్నాయి. 2020 జాతీయ విద్యావిధానం డిగ్రీని మధ్యలో ఆపి మళ్లీ చేరే వీలును, సంపాదించిన క్రెడిట్లను నిల్వచేసే బ్యాంకును ప్రతిపాదించింది. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతించింది. పీహెచ్‌డీ చేసే స్త్రీలకు గరిష్ఠ గడువుపై రెండేళ్ల సడలింపు, 240 రోజుల ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు 2016 నిబంధనల్లోనే వచ్చాయి. విరామం తరవాత పరిశోధనకు తిరిగివచ్చే మహిళల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2002-03 నుంచీ ప్రత్యేక పథకం నడిపింది. ప్రసూతి సెలవు 2017 సవరణతో ఇరవై ఆరు వారాలయింది. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని అదే సవరణ చెప్పింది. కేంద్ర ప్రభుత్వోద్యోగినికి సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. అయిదేళ్ల సర్వీసు ఉన్న ఉద్యోగికి రెండేళ్ల దాకా అధ్యయన సెలవూ ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఇవి చేరవలసినవారిలో ఎక్కువమందికి చేరవు. చిన్న పట్టణంలోని ప్రైవేటు బడి టీచరమ్మకు వేసవి జీతమే చాలాచోట్ల రాదు. అధ్యయన సెలవు మాట ఆమె ఎవరిని అడుగుతుంది? దుకాణాల్లో, చిన్న నర్సింగ్ హోముల్లో, కాంట్రాక్టు పద్ధతి మీద పనిచేసేవారి సంగతీ అంతే. కాగితం మీద ఉన్న శిశు సంరక్షణ కేంద్రం చాలాచోట్ల కాగితం మీదే ఉంది. దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ ఎన్నిసార్లు చెప్పినా, ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చున్నవారు ‘రెగ్యులరేనా?’ అని అడుగుతూనే ఉన్నారు. రాత్రి పనిచేసి ఆదివారం క్లాసుకు వెళ్లి పాసైనవారి డిగ్రీని తక్కువగా చూడటం అన్యాయం. ఆ డిగ్రీ వెనక ఉన్న క్రమశిక్షణ నిజానికి ఉద్యోగమిచ్చేవారికి కావలసిన గుణమే.

విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇదే సమస్య మరో రూపంలో ఉంది. హెచ్-1బి వీసా మీద అమెరికా వెళ్లినవారి భార్యలు, కొన్నిచోట్ల భర్తలు, హెచ్-4 వీసా మీద ఉంటారు. ఆ వీసా మీద చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. జీవిత భాగస్వామి గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశకు చేరినవారికి పని అనుమతి ఇచ్చే నిబంధన 2015లో వచ్చింది. ఆ దశ రాకముందు, ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో ఉద్యోగం చేసి వెళ్లిన స్త్రీలు ఏళ్ల తరబడి ఇంట్లో ఉండిపోయారు. ఆ కాలాన్ని కొందరు మాస్టర్స్ చదవడానికి వాడుకున్నారు. ఫీజు కట్టగలిగిన కుటుంబాల్లోనే అది సాధ్యమైంది.

ఇది స్త్రీల సమస్య మాత్రమే అనుకోవడం సరికాదు. తమ్ముళ్ల చదువుకోసం, చెల్లెళ్ల పెళ్లికోసం చదువు మానేసిన పెద్దకొడుకులు తెలుగునాట ప్రతి వీధిలో ఉన్నారు. గల్ఫ్‌కు వెళ్లి ఇరవై ఏళ్లు కష్టపడి తిరిగివచ్చినవారు, సొంత కోరిక అన్న మాటే తమ జీవితంలో ఎక్కడ పోయిందో తెలియని స్థితిలో ఉంటారు. మగవాడు నలభై ఏళ్లకు డిగ్రీ రాస్తానంటే ఇంట్లోనే నవ్వుతారు, ‘ఇప్పుడెందుకు?’ అంటారు. ఆ ఒక్క మాట ఎంతమందిని ఆపిందో లెక్క లేదు. చదువు ఉద్యోగం కోసమే అన్న భావన ఉన్నంత కాలం, ఉద్యోగం వచ్చేసినవాడి చదువు వింతగానే కనిపిస్తుంది.

వ్యవస్థ ఎంత మారినా కొంత పని ఇంట్లోనే జరగాలి. మొదటిది, ఇప్పుడు ముందు నడిచేది ఏదో, ఆగేది ఏదో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు నోరు విప్పి మాట్లాడుకోవాలి. మాట్లాడుకోకుండా ఆగిపోయిన చదువే ఎక్కువ. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ సాగించమనలేదు, అంతే. ఆగినదానికి తిరిగి మొదలుపెట్టే తేదీ కూడా అప్పుడే అనుకోవాలి. పాప బడిలో చేరే ఏడాది అనో, ఇంటి అప్పు తీరే ఏడాది అనో ఒక గుర్తు ఉండాలి. గడువు లేని వాయిదా వదులుకోవడం కిందే లెక్క.

రెండవది, ఆగిన కాలంలోనూ సన్నని పోగు ఒకటి తెగకుండా చూసుకోవాలి. ఏడాదికి ఒక పేపరైనా రాయడం, వృత్తికి సంబంధించిన రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వకపోవడం, పాత సహోద్యోగులతో పరిచయం నిలుపుకోవడం, సర్టిఫికెట్లు జాగ్రత్త చేసుకోవడం చిన్న పనులే. పదేళ్ల తరవాత తిరిగి వచ్చేవారికి ఇవే ఆధారం. సంగీతం, రచన వంటి కోరికల విషయంలో ఇది మరీ నిజం. వారానికి ఒక గంట సాధన చేసినవారు యాభై ఏళ్లకు పాడగలుగుతారు. పూర్తిగా వదిలినవారికి మళ్లీ మొదలుపెట్టడం ఎంతో కష్టమవుతుంది.

మూడవది గంటలు, డబ్బు. ఇంటి ఖర్చుల్లో పిల్లల ట్యూషన్‌కు ఒక వరుస ఉన్నట్టే తల్లి పరీక్ష ఫీజుకూ ఒక వరుస ఉండాలి. పరీక్షల నెలలో వంట ఎవరు చేస్తారో ముందే తేలాలి. ‘నువ్వు చదువుకో, నేనేమీ అడ్డుచెప్పను’ అనే భర్త మంచివాడే కావచ్చు, కానీ అడ్డుచెప్పకపోవడం సాయం కాదు. లలిత తండ్రి కాలేజీతో మాట్లాడారు, బంధువులు బిడ్డను పెంచారు. సాయం అంటే అది.

ఇక ఇంటి బయట జరగవలసినవి: విశ్వవిద్యాలయాలు గ్యాప్ సర్టిఫికెట్ అడగడం మానాలి. ఆగిన ఏళ్లకు సంజాయిషీ చెప్పవలసిన అవసరం ఏ విద్యార్థికీ లేదు. ప్రతి అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతులు జరిగే వేళ పిల్లలను చూసుకునే గది ఒకటి ఉండాలి. పక్కన అంగన్‌వాడీ ఉన్నచోట దాన్నే ఆ రోజుకు తెరవవచ్చు. పోటీ పరీక్షల్లో వితంతువులకు, విడాకులు పొందిన స్త్రీలకు కేంద్రం గ్రూప్-సి ఉద్యోగాల్లో ఇస్తున్న వయసు సడలింపును రాష్ట్రాలు పై స్థాయి ఉద్యోగాలకూ, ఇంటి బాధ్యతల వల్ల చదువు ఆగిన మగవారికీ విస్తరించే విషయం ఆలోచించాలి. దుర్గాబాయి పేరుమీద సభలు జరిపే ప్రతి సంస్థా తన ఊళ్లో పదో తరగతి ఆగిపోయినవారి కోసం ఒక్క తరగతి గది తెరవాలి, వారి పరీక్ష ఫీజు కట్టాలి, రెండేళ్లపాటు ఒక టీచరును పెట్టాలి.